నీడలో ఆరాల్సినవి

జూన్ 4

బావ మాట ఇచ్చాడు. పెళ్లి మాటలనాడు మా ముందు గదిలో, కిటికీ పక్క కుర్చీలో, టీ కప్పు మోకాలి మీద నిలబెట్టుకుని, "మీ చెల్లెలి ఈతకి నా వల్ల ఏ లోటూ రాదు బావగారూ. కావాలంటే కాగితం మీద పెట్టి ఇస్తాను" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అచ్చుతప్పులు దిద్ది జీతం తీసుకున్నవాణ్ణి, నోటిమాట విలువెంతో నాకు తెలుసు. పెళ్లయిన రెండో ఏడు చెల్లి ఈత మానేసింది. అంతకుముందు ఆ పిల్లని నీళ్లలోంచి బయటికి రప్పించడమే మా ఇంట్లో సగం పని. ఆ తరవాత నలభై ఏళ్లు బకెట్లో నీళ్లు తప్ప మరో నీళ్ల జోలికి పోలేదు. ఎందుకే అని అడిగితే "తీరిక లేదు అన్నయ్యా" అనేది. ఎవరు నేర్పిన పలుకో నాకు తెలియదా?

బావ పోయి ఏడాది దాటింది. పోయిన నెల చెల్లి నా దగ్గరికి వచ్చేసింది, రెండు పెట్టెలతో, ఒక పూలకుండీతో. పుస్తకాల గది ఖాళీ చేసి ఇచ్చాను. పుస్తకాలన్నీ ఇప్పుడు నా మంచం చుట్టూ చేరాయి, పలకరించడానికొచ్చి వెళ్లడం మర్చిపోయిన చుట్టాల్లా.

నిన్న సాయంత్రం సరస్సు దాకా నడిచొస్తానని వెళ్లి, చెప్పుల్లేకుండా తిరిగొచ్చింది. జుట్టు తడి, బట్టలు తడి.

"నీళ్లు భలే చల్లగా ఉన్నాయి అన్నయ్యా" అంది. చెప్పులు గట్టు మీదే మర్చిపోయిందట.

తువ్వాలు ఇచ్చాను. ఇంకేమీ అనలేదు. లోపల మాత్రం బావతో అన్నాను: చూశావా?

జూన్ 11

సరస్సు ఒడ్డున ఈత క్లబ్బు ఒకటుంది. ముందు పడవల షెడ్డు, వెనక బట్టలు మార్చుకునే గది, దాని పక్కన సామాను ఆరబెట్టే గది. నడిపేది ఒక పళ్ల డాక్టరు. ఉద్యోగమంతా జనం నోళ్లలోకి చూసి విసుగెత్తి నీళ్లవైపు తిరిగిందట. మనిషిని పలకరించేటప్పుడు ఇప్పటికీ కళ్లలోకి చూడదు, నోట్లోకి చూస్తుంది. నా కట్టుడు పళ్లు చూసి "ఎవరు పెట్టారండీ ఇవి?" అని అడిగింది, దొంగసొత్తు పట్టుకున్నట్టు.

వాళ్లకో పద్ధతుంది. అరవై దాటినవాళ్లు నీళ్లలో దిగాలంటే వెంట ఒడ్డు మనిషి ఉండాలి. ఈదేవాళ్ల మీంచి చూపు తిప్పకుండా ఒడ్డున నిలబడేవాడన్నమాట. వాళ్లు బయటికొచ్చాక తువ్వాలు కప్పి, వేడిగా ఏదైనా తాగించి, సామాను కడిగి, ఆరబెట్టి, సర్దే పని కూడా అతనిదే.

"ఈదొచ్చినవాళ్ల వేళ్లు కొయ్యబారిపోయి ఉంటాయండీ. జిప్పు కూడా పట్టుబడదు. తడి సామాను రేపు చూసుకుందాంలే అని మూలన పడేస్తారు. అందుకని కడిగేది ఎప్పుడూ ఒడ్డు మనిషే" అంది డాక్టరమ్మ.

చెల్లి నా వైపు చూసింది.

"నాకు చదువుకునే పనుంది" అన్నాను.

"ఒడ్డున కూర్చుని చదువుకో అన్నయ్యా."

"చూపు తిప్పకూడదన్నానుగా" అంది డాక్టరమ్మ.

ఒప్పుకున్నాను. కారణం ఇక్కడ రాసుకుంటాను, ఎలాగూ ఇంకెవరూ చదవరు. ఏటా అక్టోబరులో, నీళ్లు మరీ చల్లబడకముందు, ఈ క్లబ్బువాళ్లు ఈ ఒడ్డు నుంచి ఆవలి ఒడ్డుకి ఈదుతారు. చెల్లి పేరిచ్చింది. అది ఆవలి గట్టెక్కిన రోజు బావ ఓడిపోయినట్టు. పోయి తప్పించుకున్నాననుకుంటున్నాడేమో.

జూన్ 19

వెట్‌సూట్ అంటే మెడ నుంచి చీలమండల దాకా ఒళ్లంతా పట్టేసే మందపాటి నల్ల రబ్బరు తొడుగు. చలి ఆపుతుంది. చెల్లి అందులోంచి బయటపడేసరికి ఇద్దరం ఆయాసపడ్డాం.

నిన్న మొదటిసారి ఉతికాను. ఇంటికి తెచ్చి, సబ్బుపొడిలో నానబెట్టి, బాగా బాది, దుప్పటి పిండినట్టు పిండి, సన్నటి ఇనప హ్యాంగరుకి భుజాల దగ్గర తగిలించి, బాల్కనీలో మిట్టమధ్యాహ్నపు ఎండకి ఆరేశాను. పనితనం చూసి నాకే ముచ్చటేసింది. ఎదురింటి రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు మాత్రం ఎవరో ఉరేసుకున్నారని వీధి వీధంతా లేపాడు. సర్వీసంతా కళ్ల ముందు దొంగలు తిరిగితే కనపడలేదు గానీ, రబ్బరు తొడుగులో శవం కనపడిందట.

ఇవాళ డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం తప్పు చేసిందండీ ఇది?" అంది ఆఖరికి.

"ఉతికాను."

"ఉతకడం కాదు, ఇంటరాగేషన్ చేశారు. నడుం దగ్గర మడిచి లావుపాటి కర్ర మీద వెయ్యాలి. భుజాలకి తగిలిస్తే నీళ్ల బరువుకి సాగిపోతుంది. ముందు లోపలి వైపు పైకి తిప్పి ఆరనివ్వాలి, తరవాత బయటి వైపు. నీడలో."

"సబ్బు?"

"దేనికి?"

"వాసన."

"ఆ వాసనెందుకొస్తుందో మీ చెల్లెల్నడగండి" అంది.

చెల్లి కిటికీలోంచి సరస్సుని చూడటం మొదలుపెట్టింది.

"అందరూ అందులోనే పోస్తారండీ" అంది డాక్టరమ్మ. "పొయ్యనివాళ్లు లేరు, ఒప్పుకోనివాళ్లున్నారు. మంచినీళ్లతో లోపలంతా బాగా కడిగితే పోతుంది."

జూన్ 20

భుజాలు సాగిపోయాయి. చెల్లి చంకల్లో ఇప్పుడు నీళ్లు నిలబడతాయట. "ఫరవాలేదు అన్నయ్యా, చంకలో చిన్న చెరువు పెట్టుకుని పెద్ద చెరువు ఈదుతాను" అంది.

జూలై 8

ఈ పనిలో నాకు సంతోషంగా ఉందని ఎవరితోనూ అనను. ఇక్కడ కూడా అనడం లేదు.

కానీ పద్ధతి ఉన్న పని. ఈత కళ్లద్దాల లోపలి వైపు వేలు పెట్టి రుద్దకూడదు. ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. ముంచి, విదిలించి, గుడ్డ మీద బోర్లించాలి, అంతే. నడుముకి కట్టుకునే నారింజ రంగు గాలి బుడగ దూరం నుంచి మనిషిని కనిపెట్టడానికి. దానిలో గాలి తీశాక ఎప్పుడూ ఒకే మడత మీద మడవకూడదు, మడత దగ్గరే చిరుగుతుంది. జిప్పు పళ్లలో ఇసక లేకుండా మెత్తటి బ్రష్షుతో తోమి, కొవ్వొత్తి రాయాలి. ఈ తోమడంలో డాక్టరమ్మ మహా ఘనాపాఠీ, పాత అలవాటు. రబ్బరు టోపీని లోపలా బయటా తుడిచి, పొడిబారాక పౌడరు చల్లాలి. లేకపోతే దానికదే అంటుకుపోయి, తీస్తే చిరుగుతుంది.

ఎండలో పడేస్తే రబ్బరు పగులుతుంది. తడిగా చీకట్లో మడిచేస్తే కుళ్లుతుంది. మా పాత ఎడిటరు మనుషుల్ని రెండు రకాలుగానూ ఉంచేవాడు, పొద్దున ఎండలో, సాయంత్రం చీకట్లో. పోయినప్పుడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రెండే దొరికాయి, ఒకటి కామా.

సముద్రయానాల మీద నేను చదవని పుస్తకం లేదు. వాటిల్లో ఒక్కడూ తిరిగొచ్చాక తడి బట్టలేం చేశాడో రాయలేదు.

జూలై 22

క్లబ్బులో పరువు పోయింది. పోయిందంటే, కొంచెం మిగిలింది.

పడవల్లో కూర్చునేవాళ్లు వేసుకునే లైఫ్ జాకెట్లు రెండు రకాలు. ఒకటి మామూలు నురగది. రెండోది పల్చగా మెళ్లో కండువాలా ఉంటుంది. నీళ్లలో పడగానే లోపలి మందుబిళ్ల కరిగి, గ్యాసు విడుదలై, దానికదే ఉబ్బుతుంది. ఈ రెండోవి వరసగా తగిలించి ఉన్నాయి. పట్టీల మీద బురద కనిపించింది. బురద చూస్తే ఊరుకోలేని రోగం నాకిప్పుడు పట్టుకుంది. గొట్టం తీసుకుని కడిగేశాను.

మొదటిది 'ఢాం' అంది. తిరిగి చూసేలోపు రెండోది, మూడోది. గదంతా పసుపు రంగు దిండ్లతో నిండిపోయి నన్ను గోడకి నొక్కేసింది. చెల్లి తలుపు తోసి చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది నవ్వలేక.

డాక్టరమ్మ అంది: "కడిగే ముందు బిళ్లా సిలిండరూ విప్పి తీయాలని గోడ మీద రాసే ఉందిగా!"

"రాసి ఉంది. 'సిలిండరు' అన్నచోట లకి గుడి లేదు. తప్పుల్తడకగా రాసిన వాక్యాన్ని నేను లెక్కలోకి తీసుకోను."

అబద్ధం కాదు. రేపు గోడ మీది ఆ వాక్యాన్ని దిద్దుతాను.

ఆగస్టు 3

చెల్లి ఇవాళ, లోతుకి హద్దుగా నీళ్ల మీద కట్టిన పసుపు డబ్బాల వరస దాటి లోపలికి ఈదింది. నేను చూస్తూనే ఉన్నాను.

"కాస్త ఊపిరి పీల్చండి" అంది డాక్టరమ్మ. చెల్లితో కాదు, నాతో.

ఆగస్టు 16

మేనకోడలు ఫోను చేసింది. చెల్లి కూతురు, ఒక్కగానొక్క పిల్ల. బావ ముక్కు, బావ కంగారు.

"మామయ్యా, అమ్మ వయసెంతో గుర్తుందా మీకు?"

"నాకంటే తక్కువ."

"సరస్సు దాటడమేంటి మామయ్యా! నాన్న ఉంటే ఒప్పుకునేవారా?"

"అదేనమ్మా నేనూ అంటున్నది. ఒప్పుకునేవాడు కాదు."

"మీరు దాన్ని ఇంకోలా అంటున్నారు."

తెలివైన పిల్లే. వచ్చే వారం వస్తానంది. నాన్న బీరువా ఖాళీ చేస్తుంటే అడుగున అమ్మ సామాను డబ్బా ఒకటి దొరికిందట, అది తెస్తుందట.

ఆగస్టు 24

వచ్చింది, ఇచ్చింది, తల్లితో కాసేపు పోట్లాడింది, వెళ్లిపోయింది. పోట్లాట సంగతి రాయను. ఇద్దరూ ఒకే మాట పదిసార్లు చెప్పుకున్నారు, 'నీకేమైనా అయితే' అని ఒకరు, 'నాకేం కాదు' అని ఒకరు. కడకు తల్లే గెలిచింది, కాకపోతే తలనొప్పి వచ్చి పడుకుంది.

డబ్బా నా బల్ల మీద ఉంది. బిస్కెట్ల రేకు డబ్బా. లోపల మెత్తటి గుడ్డలో చుట్టి ఈత టోపీలున్నాయి. ఆడవాళ్లవి, రబ్బరువి. అడుగునవి ముద్దై అట్టల్లా విరుగుతున్నాయి, ఆ కాలపు మోజు ప్రకారం పువ్వులు కూడా అంటించి ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ కొత్తవి. అన్నిటికన్నా పైది లాగితే సాగింది, వదిలితే చటుక్కున ముడుచుకుంది. ఒక్కదానికీ నీళ్లు తగిలిన జాడ లేదు. ప్రతి మడతలోనూ పౌడరుంది. పైదాని మీదే కాదు, మధ్యవాటి మీద కూడా, రంగు మారిన పాత పౌడరు మీద మళ్లీ కొత్తది.

దొరికాడు. చెల్లి కొనుక్కున్న టోపీల్ని కనపడకుండా బీరువా అడుగున దాచేశాడు. కొన్నప్పుడల్లా దాచాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దాచినవాడు పౌడరెందుకు చల్లాడో తెలియదు. ఏదో బుద్ధి. రేపు చెల్లికి చూపిస్తాను.

ఆగస్టు 25

చూపించాను.

చెల్లి కాఫీ పెడుతోంది. డబ్బా మూత తీసి ముందు పెట్టి, "చూడు, నీ మొగుడి నిర్వాకం" అన్నాను. వకీలులా చెప్పాను, నలభై ఏళ్లుగా లోపల రాసుకున్నదంతా. మాటిచ్చి తప్పాడన్నాను. నీ నీళ్లు నీకు లేకుండా చేశాడన్నాను. టోపీలు కూడా దాచాడన్నాను.

అది పైటోపీ తీసి చేతిలో పెట్టుకుంది. మడత విప్పి చూసింది.

"దాచలేదు అన్నయ్యా, కొన్నారు" అంది. "ఇంకా ఉంచారని నాకు తెలీదు."

తరవాత చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు ఇద్దరూ ఏటి దగ్గరికి వెళ్లారట. బావ ఒడ్డున. ఇది ఈదుతూ ఒక బండ వెనక్కి తిరిగింది. అంతే, బావకి కనపడలేదు.

"బూట్లతో సహా దూకేశారు. ఈత రాదుగా ఆయనకి. నేను తిరిగొచ్చేసరికి రెండు చేతులు మాత్రం పైనున్నాయి. జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాను. ఇన్ని నీళ్లు కక్కి, కళ్లు తెరిచి, మొట్టమొదటి మాట ఏమన్నారో తెలుసా? 'నువ్వు బానే ఉన్నావా ఏవోయ్' అన్నారు."

"బుద్ధి లేదు" అన్నాను.

"లేదు. నీళ్లలో నేనుంటే ఒడ్డున ఆయన ఆగలేరు. ఆ రోజే నాకర్థమైంది. మనిషిని పోగొట్టుకోవడం కంటే ఈత మానుకోవడం తేలికనిపించింది. నేనే మానేశాను. ఆయన వెళ్లమనేవారు. నా పుట్టినరోజు వచ్చిందంటే ఒక టోపీ. 'వెళ్లవోయ్, నేను ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటాను, ఒట్టు' అనేవారు. కూర్చునే మనిషి కాదని నాకు తెలుసు. నాకొద్దు, తిరిగిచ్చెయ్యండి అనేదాన్ని. నిజంగానే ఇచ్చేస్తున్నారనుకున్నాను."

"ఈత రాకపోతే నేర్చుకోవచ్చుగా!"

"నువ్వు నేర్చుకున్నావా?"

అది ప్రశ్న కాదు, దెప్పు.

"చిన్నప్పుడు నా తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడేవాడివి. అందరితో మా చెల్లికి ఈత నేనే నేర్పానని చెప్పేవాడివి. నేనేమైనా అన్నానా? పోనీలే అనుకున్నాను. కానీ ఇది మాత్రం పోనివ్వను. ఇన్ని నెలల్నించీ నువ్వు ఒడ్డున నిలబడింది నా కోసం అనుకున్నాను. నా కోసం కాదు. ఆయన మీద గెలవడానికి నన్ను ఈదిస్తున్నావు. నువ్వు పందెం కాసిన గుర్రాన్ని నేను."

కాఫీ పొంగింది. స్టవ్ ఆపి, టోపీ తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఆగస్టు 26

సరస్సుకి వెళ్లలేదు.

ఆగస్టు 29

వెళ్లలేదు. వర్షం అంది. వర్షం లేదు.

సెప్టెంబరు 2

సూట్ ఎప్పుడో ఆరిపోయింది. తిప్పి మళ్లీ వేశాను. జిప్పుకి కొవ్వొత్తి రాశాను. నిన్న కూడా రాశాను.

ఆ ఏటి దగ్గరి కథంతా అది మొగుణ్ణి వెనకేసుకొచ్చి చెప్పిందే అనుకుంటున్నాను. ఆడవాళ్లు పోయినవాళ్ల మీద ఈగ వాలనివ్వరు. కాకపోతే పౌడరుంది. పాతదాని మీద కొత్తది. మెత్తటి గుడ్డ. నీడ పట్టున, బీరువా అడుగున. నేనింత కష్టపడి నేర్చుకున్నదంతా ఆయనకి ఎవరు చెప్పారు?

అయినా నేర్చుకోవచ్చుగా ఈత. నా మాట నాదే.

సెప్టెంబరు 7

క్లబ్బుకి ఒక్కణ్ణే వెళ్లాను. దిద్దాల్సిన బోర్డు ఒకటి మిగిలిపోయింది.

"చెల్లెలెలా ఉన్నారు?" అంది డాక్టరమ్మ.

"బాగానే ఉంది."

"మీరు?"

ఎవరూ అడగని ప్రశ్నలడగడం ఈవిడకి అలవాటు. జవాబు వెతుక్కుంటుంటే నా నోట్లోంచి ఇంకేదో వచ్చింది. "ఈత నేర్పుతారా?" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. పుస్తకం తీసి పేరు రాసుకుంది. "ఎల్లుండి పొద్దున. మోకాలి లోతు నుంచి. ఒడ్డు మనిషిని తెచ్చుకోండి, మీకు అరవై దాటింది."

సెప్టెంబరు 9

ఒడ్డు మనిషి లేడని డాక్టరమ్మతో అన్నాను. ఎదురింటి ఇన్‌స్పెక్టర్ని అడగమని, పాఠం ఎల్లుండికి జరిపింది. ఆయన ముందు ఆ రబ్బరు వేసుకోవడం కంటే మునగడం నయం.

మధ్యాహ్నం చెల్లి భోంచేస్తుండగా నేను గోడ వైపు తిరిగి, "ఎల్లుండి పొద్దున నీకు పనేమైనా ఉందా" అన్నాను.

"ఎందుకు?"

"ఒడ్డున నిలబడటానికి."

"ఎవరి కోసం?"

చెప్పాను. అది మజ్జిగ గ్లాసు కింద పెట్టేసి నా వైపు చూసింది. నేను తల తిప్పలేదు. మా ఇంటి గోడ మీద చూడదగ్గదేమీ లేదు, సున్నం తప్ప.

సెప్టెంబరు 11

మార్చుకునే గదిలో అద్దె వెట్‌సూట్‌తో కుస్తీ పట్టాను. కాళ్లు దూరాయి. చేతులు దూరాయి. జిప్పు కూడా వేసుకున్నాను, ఎవరి సాయమూ లేకుండా. ఎంత సులువో అనుకుంటూ బయటికొచ్చాను.

చెల్లి ఒడ్డున తువ్వాలు పట్టుకుని ఉంది. నన్ను చూసింది. మూతి బిగబట్టింది.

"అన్నయ్యా, జిప్పు వీపున ఉండాలి."

"ఉంది."

"పొట్ట మీద ఉంది."

అవును, ముందుది వెనక వేసుకున్నాను. మోకాళ్ల కోసం పెట్టిన పట్టీలు మోకాలి వెనక ముడతలు పడి, నేను నిలబడ్డచోట నిలబడ్డట్టే కూర్చోబోతున్నవాడిలా ఉన్నాను. జిప్పు సగంలో పట్టేసింది. చెల్లి లాగింది, డాక్టరమ్మ లాగింది. ఊడొచ్చేసరికి ముగ్గురం ఇసకలో ఉన్నాం. నేను ఒక కాలితో ఇంకా లోపలే.

చెల్లి నవ్వింది. డబ్బా వచ్చిన తరవాత అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ, నా కాలు తొడుగులోంచి లాగుతూ లాగుతూ, ఏడ్చింది కూడా. నేను రెండూ చూడనట్టున్నాను.

మళ్లీ సరిగ్గా వేసుకుని నీళ్లలో దిగాను. మోకాలి దాకా. నడుము దాకా. డాక్టరమ్మ వీపు కింద చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోమంది. ఆకాశం తప్ప ఏమీ కనపడదు, చెవుల్లోకి నీళ్లొస్తాయి, మనిషి చచ్చిపోతున్నాడని ఒళ్లంతా చెబుతుంది. ఎంతమంది నావికుల కథలు చదివినా ఆ క్షణానికి ఒక్కటీ పనికి రాలేదు. అరిచాను.

"ఇక్కడే ఉన్నా అన్నయ్యా! చూస్తూనే ఉన్నా!" అంది చెల్లి ఒడ్డు నుంచి.

బయటికొచ్చాక తువ్వాలు అదే కప్పింది. సూట్ కడిగింది కూడా అదే. కర్ర మీద వేసేటప్పుడు లోపలి వైపు పైకి తిప్పిందా లేదా అని నేను చూశాను. తిప్పింది.

సెప్టెంబరు 12

పొద్దున లేచేసరికి చెల్లి సూట్ కర్ర మీద లేదు. దాని సంచీ కూడా లేదు. అది గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"వస్తావా, పుస్తకం తెచ్చుకుంటావా?"

"పుస్తకం దేనికి? చూపు తిప్పకూడదుగా" అన్నాను.

నెత్తి మీద కొత్త టోపీ ఉంది. డబ్బాలో పైన ఉన్నది.

సెప్టెంబరు 27

నేను నీళ్ల మీద తేలాను. చెయ్యి తీసేసిందట డాక్టరమ్మ, నాకు చెప్పకుండా. చెప్పి ఉంటే మునిగేవాణ్ణి.

చెల్లి మంచి ఫామ్‌లో ఉంది. ఈ మాట డాక్టరమ్మది. నాకైతే చిన్నప్పటి ఆ పిల్లే కనిపిస్తోంది, కాస్త నెమ్మదిగా.

అక్టోబరు 5

మేనకోడలు ఫోను. "మామయ్యా, ఆదివారం నేను రాను. చూడలేను. అయిపోయాక ఫోను చెయ్యండి. మధ్యలో చెయ్యకండి."

"తలుపేసుకుని కూర్చుంటావా?"

"అంటే?"

"ఏం లేదు. మీ నాన్న పోలిక."

అక్టోబరు 11

సాయంత్రం. రెండుసార్లు రాసి కొట్టేశాను.

పొద్దున మంచు పట్టింది. అది విడేదాకా ఆగారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో పడవ. మా పడవకి తెడ్లు డాక్టరమ్మ. ఒడ్డు మనుషుల్ని ఈ ఒక్కరోజు పడవెక్కనిస్తారు. నాకు నురగ జాకెట్టే ఇచ్చారు. జూలై తరవాత రెండో రకాన్ని నా దరిదాపులకి రానివ్వడం లేదు.

సగం దాకా బాగానే ఉంది. చెల్లి చేతులు పడటం, లేవడం, వెనక నారింజ బుడగ. గాలి లేచింది. అలలు పెద్దవి కావు, పెద్దవి కావని ఇప్పుడంటున్నాను. బుడగ ఒక అల వెనక్కి వెళ్లింది. ఆ అల పోయింది. బుడగ లేదు.

తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు. డాక్టరమ్మ చెప్పినదాన్ని బట్టి నేను లేచి నిలబడ్డాను. కట్టుడు పళ్లు తీసి జేబులో పెట్టుకున్నానట. ఒక కాలు పడవ అంచు మీద ఉందట. నడుము లోతులో తేలడం తప్ప నాకు ఏ ఈతా రాదన్న సంగతి ఆ క్షణాన ఎవరికైనా గుర్తుంటే అది ఆవిడకే. జాకెట్టు పట్టీ పట్టుకుని వెనక్కి లాగింది. పడవ ఊగిపోయింది.

ఎడం పక్క నుంచి, నేను చూడని పక్క నుంచి, చెల్లి తల లేచింది.

"కూర్చో అన్నయ్యా! బానే ఉన్నా! పడవ ముంచేట్టున్నావు!"

కూర్చున్నాను. పళ్లు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మీ బావగారు కూడా ఇలాగేనా?" అంది డాక్టరమ్మ తెడ్డేస్తూ. చెల్లి ఎప్పుడు చెప్పిందో ఆవిడకి.

"ఆయనకి నురగ జాకెట్టు లేదు" అన్నాను.

మిగతా దూరమంతా చూపు తిప్పలేదు. బుడగనే చూశాను. చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాను. ఒడ్డున నిలబడటం కష్టం. నీళ్లలో ఉన్నవాళ్లకి చెయ్యడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఆవలి గట్టు దగ్గర చెల్లి కాళ్లు నేలని తాకాయి. నిలబడింది. పడబోయి మళ్లీ నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తువ్వాలు పట్టుకుని నీళ్లలోకే వెళ్లాను, నడుము లోతు దాకా, బూట్లతో. అది వణుకుతూ నవ్వుతోంది, పెదాలు నీలంగా ఉన్నాయి. తువ్వాలు కప్పాను. నా భుజం మీదుగా గట్టు వైపు చూసింది. అక్కడ చాలామంది ఉన్నారు. అందులో ఎవరి కోసమో వెతికి, లేరని గుర్తొచ్చి, నా వైపు చూసింది. ఒక్క క్షణమే.

మేనకోడలికి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. అమ్మ గట్టెక్కిందన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు. వచ్చే ఏడు చూడటానికి తప్పకుండా వస్తుందట. వచ్చే ఏడు అని ఎవరు చెప్పారు నీకు అన్నాను. అమ్మే చెప్పిందంది.

ఇంటికొచ్చి సూట్ లోపలంతా కడిగాను. నడుం దగ్గర మడిచి కర్ర మీద వేశాను. కళ్లద్దాలు బోర్లించాను. బుడగలో గాలి తీసి, కొత్త మడత పెట్టాను. నా బూట్లలో కాగితాలు కుక్కాను. చెల్లి రెండు దుప్పట్ల కింద నిద్రపోతోంది, పొయ్యి మీద సూపు ఉంది.

బావ మాట తప్పలేదు, సరే. కొట్టేస్తున్నాను. టోపీలు దాచలేదు, అదీ కొట్టేస్తున్నాను. ఈత నేర్చుకోలేదు, అంత సులువు కాదని నేను కూడా చూశాను కాబట్టి దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. కానీ ఇవాళ చెల్లి నీళ్లలోంచి లేచి గట్టు వైపు చూసినప్పుడు అక్కడ ఒక మనిషి ఉండాల్సింది. భయంతో గోళ్లు కొరుక్కుంటూ అయినా సరే, నేను పట్టీ పట్టుకుని ఆపేవాణ్ణి. ఆ మనిషి ఇంకో రెండేళ్లు ఆగలేకపోయాడు. దీనికి మాత్రం క్షమాపణ లేదు, ఎవరెన్ని చెప్పినా వినను. తప్పు బావది.